కాచిన నీళ్ళు కంటికి చాలవు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఇవాళ నేను మీతో మాట్లాడబోయేది కాంటాక్ట్ లెన్సుల గురించి, ముఖ్యంగా వాటిని శుభ్రం చేసుకునే సొల్యూషన్ గురించి. "మాకెందుకమ్మా ఈ గొడవ, మేమేమైనా సినిమా తారలమా?" అని రేడియో కట్టేయకండి. లెన్సులంటే సినిమావాళ్ళకే అనుకున్న రోజులు పోయాయి. కాలేజీకి వెళ్ళే అమ్మాయి పెట్టుకుంటోంది, ఉద్యోగం చేసే కోడలు పెట్టుకుంటోంది. పెళ్ళిచూపుల్లో కళ్ళజోడు కనిపించకూడదని తల్లులే దగ్గరుండి కొనిపెడుతున్నారు. మనం పెట్టుకోకపోయినా ఆ సీసా, ఆ చిన్న డబ్బీ ఉండేది మన ఇంట్లోనే. ఇంటికి ఇల్లాలే వైద్యురాలు గదా! తోచిన సలహా ఇచ్చేది మనమే. అందుకని తెలుసుకుని ఇవ్వడం మంచిది.

తెలియక ఇచ్చిన సలహా ఏం చేసిందో మా ఇంట్లోనే చూశాను. ముందు ఆ సంగతి చెబుతాను.

మా పుట్టిల్లు కడప జిల్లా మైలవరం. పెన్నానది మీద జలాశయం కట్టిన ఊరు. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి అందరం అక్కడ చేరాం. మా అన్నగారి అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. రాత్రి బస్సు దిగి ఇంటికొచ్చి, సంచీ అంతా వెతికి, "అత్తా, సొల్యూషన్ సీసా మర్చిపోయి వచ్చినా!" అంది. కళ్ళజోడు కూడా తెచ్చుకోలేదు. పండగపూట జమ్మలమడుగులో అంగళ్ళు మూసేశారు. ప్రొద్దుటూరు వెళ్ళి తెచ్చే తీరిక ఎవరికీ లేదు.

అప్పుడు మా అమ్మ అంది: "ఏముందిలేమ్మా, తాగే నీళ్ళే గదా, సలసల కాచి చల్లార్చి ఇస్తా. చిటికెడు ఉప్పు గూడా వేస్తా. కన్నీళ్ళు ఉప్పగానే గదా ఉండేది!"

ఎంత సబబుగా ఉందో చూడండి ఆ మాట! మా అమ్మ అజ్ఞానంతో అన్నది కాదు. కాచిన నీళ్ళు మంచివని మనందరికీ చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు గదా. నేను ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. అక్కడే కూర్చుని ముగ్గుపిండి జల్లించుకుంటున్నాను. వద్దని ఒక్కమాట అనలేదు. "జేజి చెప్పింది నిజమే" అన్నాను కూడా.

మూడు రాత్రులు ఆ అమ్మాయి లెన్సులు కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళలోనే ఉన్నాయి. పండగ అయిపోయింది, వెళ్ళిపోయింది. పదిరోజుల తర్వాత ఎడమకన్ను ఎర్రబడింది. నిద్రలేక అనుకుంది. మందుల షాపులో ఏవో చుక్కలు కొని వేసుకుంది. ఎరుపు కాస్త తగ్గినట్టే తగ్గి, నొప్పి పెరిగింది. దీపం వెలుతురు చూస్తే కన్ను పొడిచేసినట్టుండేదట. చివరికి ఒక పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. కార్నియా మీద పుండు పడింది, కారణం ఎకాంతమీబా అనే క్రిమి అన్నారు. మొదట్లో గంటగంటకీ, రాత్రి కూడా నిద్రలేపి చుక్కలు వేయాల్సి వచ్చింది. అట్లా నెలల తరబడి వైద్యం జరిగింది. కన్ను దక్కింది కాని, మచ్చ మిగిలింది. ఆ కంటితో ఇప్పటికీ అక్షరాలు మసకగానే కనిపిస్తాయి.

అందుకే ఈ ప్రసంగం. ఈ క్రిమి ఆ ఉప్పునీళ్ళ నుంచే వచ్చిందని నూటికి నూరుపాళ్ళు ఎవరూ తేల్చి చెప్పలేరు. కాని నీళ్ళు తగిలిన లెన్సు దానికి రాజమార్గమని మాత్రం డాక్టర్లందరూ చెబుతారు.

తాగడానికి పనికొచ్చే నీళ్ళు కంటికి ఎందుకు పనికిరావు అని మీరడగవచ్చు. నేనూ అదే అడిగాను. కారణాలు నాలుగు.

మొదటిది, నీళ్ళు మరుగుతున్నంతసేపు క్రిములు చస్తాయి, నిజమే. కాని గిన్నె దించుతాం, మూత తీస్తాం, గ్లాసు ముంచుతాం. గాలి, దుమ్ము, మన చెయ్యి, కడిగిన గ్లాసులో మిగిలిన తడి, అన్నీ కలుస్తాయి. చల్లారేసరికి అవి మళ్ళీ మామూలు నీళ్ళే.

రెండవది, పగలంతా కంట్లో ఉన్న లెన్సుకు అప్పటికే క్రిములు అంటుకుని ఉంటాయి. వాటిని చంపే గుణం నీళ్ళకు లేదు. సొల్యూషన్‌లో ఆ మందు ఉంటుంది.

మూడవది, కడుపులోకి పోయిన క్రిమిని అక్కడి ఆమ్లం చాలావరకు అణిచేస్తుంది. కంటికి ఆ రక్షణ లేదు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. వెలుతురు దూరాలి గనుక దానిలో రక్తనాళాలుండవు. అందువల్ల అక్కడ క్రిమి చేరితే ఒంట్లోని మిగతాచోట్ల మాదిరి శరీరం వెంటనే ఎదుర్కోలేదు.

నాలుగవది, ఉప్పు. కన్నీళ్ళలో ఉప్పు ఉన్నమాట నిజమే. కాని సెలైన్ తయారుచేసేటప్పుడు లీటరు నీళ్ళకు 9 గ్రాముల ఉప్పు తూచి వేస్తారు, క్రిమి లేకుండా శుద్ధిచేసి సీలు వేస్తారు. మన చిటికెడు ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ. పలుచని నీళ్ళలో వేస్తే మెత్తని లెన్సు ఉబ్బి కంటిపొరకు అతుక్కుంటుంది. తీసేటప్పుడు పొర గీసుకుపోతుంది. గీసుకున్నచోట క్రిమి దూరుతుంది.

ఈ పొరపాటు మా అమ్మ ఒక్కతే చేసింది కాదు. 1980లలో అమెరికాలో లెన్సులు పెట్టుకునేవాళ్ళకు ఈ ఎకాంతమీబా జబ్బు వరసగా రావడం మొదలైంది. ఆరా తీస్తే, డిస్టిల్డ్ వాటర్‌లో ఉప్పుబిళ్ళలు కరిగించి ఇంట్లోనే సెలైన్ చేసుకున్నవాళ్ళు అందులో చాలామంది ఉన్నారు. అంత శుద్ధమైన నీళ్ళే చాలలేదు, మన బిందెలో నీళ్ళు ఎట్లా చాలతాయి?

మన దేశంలో ఇంకొక చిత్రం ఉంది. హైదరాబాదులో 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరు మీరు వినే ఉంటారు. అక్కడి వైద్యులు 2000 సంవత్సరంలో ప్రచురించిన పరిశీలన అసలు లెన్సులే వాడనివాళ్ళకు వచ్చిన ఎకాంతమీబా జబ్బు మీద చేసినదే. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా అట్లాంటివాళ్ళకే వస్తోంది. కంట్లో దుమ్ము పడటం, ఆకో పుల్లో గీసుకోవడం, మురికినీళ్ళు తగలడం కారణాలు. అంటే ఆ క్రిమి మన మట్టిలో, మన నీళ్ళలో ఉండనే ఉంది. లెన్సు పెట్టుకుని నీళ్ళు తగిలించుకుంటే దాన్ని మనమే పిలిచి పీట వేసినట్టు.

ఈ మెత్తని లెన్సు పుట్టింది కూడా ఒక ఇంట్లోనే. చెకోస్లొవేకియా శాస్త్రవేత్త ఒట్టో విఖ్టర్లే 1961 క్రిస్మస్ రోజుల్లో పిల్లల ఆటసామానుతో, సైకిల్ డైనమోతో ఒక చిన్న యంత్రం అమర్చి, ఇంట్లో బల్లమీద మొదటి మెత్తని లెన్సులు తయారుచేశాడు. ఆ పదార్థం గుణం ఏమిటంటే, నీళ్ళు పీల్చుకుని మెత్తబడుతుంది. స్పాంజి అనుకోండి. దేనిలో వేస్తే దాన్ని తనలోకి తీసుకుంటుంది. అందుకే దేనిలో వేస్తున్నామన్నది అంత ముఖ్యం.

ఇప్పుడు సీసాల సంగతి. కళ్ళద్దాల దుకాణంలో అన్నీ ఒకే మాదిరి తెల్లటి సీసాలు కనిపిస్తాయి. లోపల ఉన్నది మాత్రం ఒకటి కాదు.

మొదటిది మల్టీపర్పస్ సొల్యూషన్. తోమడానికి, కడగడానికి, రాత్రి నానబెట్టడానికి ఇది ఒక్కటే చాలు. మెత్తని లెన్సులవాళ్ళు ఎక్కువగా వాడేది ఇదే.

రెండవది సెలైన్. ఇది లెన్సు మీద పోసి కడగడానికే. క్రిములను చంపదు. సెలైన్‌లో రాత్రంతా నానబెట్టి శుభ్రమైందనుకుంటే పొరపాటు. చవగ్గా దొరుకుతుందని చాలామంది మోసపోయేది ఇక్కడే.

మూడవది హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నది. మిగతా సొల్యూషన్లలోని మందు పడక కళ్ళు మండేవాళ్ళకు డాక్టర్లు దీన్ని చెబుతుంటారు. బాగా పనిచేస్తుంది కాని, జాగ్రత్త ఎక్కువ కావాలి. దాంతోపాటు ఇచ్చే ప్రత్యేకమైన డబ్బీలోనే నానబెట్టాలి. ఆ డబ్బీ పెరాక్సైడ్‌ను మెల్లగా విరగగొట్టి మామూలు ఉప్పునీటిలాగా మారుస్తుంది. దానికి సాధారణంగా 6 గంటలు పడుతుంది. ఆ గడువు లోపల తీసి పెట్టుకున్నా, సీసాలోంచి నేరుగా కంట్లో వేసుకున్నా కన్ను భగ్గున మండిపోతుంది. ఇట్లాంటి సీసాలకు మూత ఎర్రగా ఉండటం కద్దు. ఇంట్లో ఇద్దరు లెన్సులు వాడుతుంటే ఒకరి సీసా మరొకరు తీయకుండా వేరువేరు గూళ్ళలో పెట్టండి.

నాలుగవది కంటిని తడిపే చుక్కలు. లెన్సు ఉండగా కన్ను ఆరినట్టుంటే వేసుకోవడానికి. ఇవి శుభ్రం చేసేవి కావు. లెన్సులతో వాడవచ్చునని రాసి ఉన్న చుక్కలే వేసుకోవాలి.

మరి ఏది కొనాలి? మీ లెన్సు ఏ రకమో దాన్నిబట్టి. మెత్తని లెన్సు వేరు, సెమీసాఫ్ట్ అని పిలిచే గట్టి లెన్సు వేరు. గట్టి లెన్సుల సొల్యూషన్ మెత్తని వాటికి పనికిరాదు. లెన్సు ఇచ్చిన డాక్టరు రాసిన సొల్యూషన్ కొనండి. దుకాణంవాడు "అది లేదు, ఇదీ అట్లాంటిదే" అంటే డాక్టర్ని అడక్కుండా మార్చకండి. గడువు తేదీ చూడండి. సీలు చూడండి. ఇంటికి తెచ్చి సీలు విప్పిన రోజే సీసామీద ఆ తేదీ రాసిపెట్టండి. విప్పిన తర్వాత చాలా సీసాలు 90 రోజులకు మించి వాడరాదు. కొన్ని అంతకంటే తక్కువే. ఎంతో సీసామీదే ఉంటుంది. సగం మిగిలిందని ఆశపడవద్దు. మన కడప ఎండలు తెలుసు గదా! కిటికీ దగ్గర, కారులో, వంటింటి గట్టుమీద సీసా పెట్టకండి. ప్రయాణానికని చిన్న సీసాలోకి వంచుకోకండి. వంచినప్పుడే క్రిమి చేరుతుంది. కంపెనీ వాళ్ళే చిన్న సీసాలు అమ్ముతారు, అవి కొనుక్కోండి.

ఇక వాడే పద్ధతి. మీ అమ్మాయి చేత ఒకసారి మీ ముందు చేయించండి.

చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నూనె, వాసనలు ఎక్కువలేని సబ్బు మేలు. నూగు రాలని శుభ్రమైన గుడ్డతో తడి పూర్తిగా తుడుచుకోవాలి. చేతి తడి కూడా నీళ్ళే! ఎప్పుడూ కుడికంటి లెన్సుతోనే మొదలుపెడితే ఎడమది కుడిదీ తారుమారు కావు. లెన్సును అరచేతిలో పెట్టి, నాలుగు చుక్కలు సొల్యూషన్ వేసి, వేలి కొసతో రెండువైపులా మెత్తగా తోమాలి. తోమక్కర్లేదని రాసి ఉన్న సీసా అయినా సరే, తోమడమే మంచిది. గిన్నె నానబెడితే జిడ్డు వదులుతుందా, తోమితే వదులుతుందా? మళ్ళీ సొల్యూషన్ పోసి కడిగి, డబ్బీలో కొత్త సొల్యూషన్ నిండా పోసి, సీసామీద చెప్పినన్ని గంటలు ఉంచాలి.

పొద్దున లెన్సు తీయగానే డబ్బీలోది పారబోయాలి. డబ్బీని సొల్యూషన్‌తోనే కడిగి, శుభ్రమైన టిష్యూ కాగితంతో తుడిచి, మూతలు తీసి, బోర్లించి ఆరనివ్వాలి. కుళాయి కింద కడగవద్దు. మూడు నెలలకోసారి డబ్బీనే మార్చేయాలి.

ఇక్కడ మన పొదుపు బుద్ధి అడ్డొస్తుంది. "అయ్యో, ఇంత ఖరీదైన నీళ్ళు పారబోయడమా!" అని నిన్నటి దానిమీదే నాలుగు చుక్కలు పోసి మూత పెట్టేస్తారు. నిన్నటి పాచి చారులో ఇవాళ్టి చారు పోసి పిల్లలకు పెడతామా? ఒకసారి వాడిన సొల్యూషన్‌లో మందు బలం తగ్గిపోయి ఉంటుంది. దానిలో కొత్తది కలిపితే కొత్తదీ చెడుతుంది.

ఇది వట్టి మాట కాదు. 2006లో బాష్ అండ్ లాంబ్ కంపెనీవారి రెన్యూ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్ వాడినవాళ్ళకు సింగపూర్, హాంకాంగ్, అమెరికాలలో ఫ్యుసేరియం అనే బూజు కంటికి పట్టింది. అమెరికాలో నిర్ధారించిన 164 కేసులలో సుమారు మూడోవంతు మందికి కార్నియా మార్పిడి అవసరమైంది. ఆ మే నెలలో కంపెనీ ఆ సరుకును ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అమ్మకానికున్న సీసాలలో బూజు లేదు. ఆ రకం మందు డబ్బీలో ఆరినా, మళ్ళీ మళ్ళీ వాడినా బూజును ఆపలేకపోయింది. మరుసటి ఏడు, 2007లో, ఇంకొక కంపెనీవారి కంప్లీట్ మాయిశ్చర్‌ప్లస్ అనే సొల్యూషన్‌ను ఈ ఎకాంతమీబా జబ్బు కారణంగానే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కాబట్టి పేరున్న సీసా కొన్నాం గదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. మంచి సీసా ఎంత అవసరమో మంచి అలవాటూ అంతే అవసరం.

మన ఇళ్ళలో ప్రత్యేకంగా చూసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. తలంటుకు ముందు లెన్సులు తీసేయాలి. జలాశయంలోనో, ఏటిలోనో, ఈతకొలనులోనో దిగేముందూ తీసేయాలి. మిరపకాయలు తుంచిన చేతులతో, ఊరిమిండి నూరిన చేతులతో లెన్సు ముట్టుకోకూడదు. ఒకసారి కడిగినా కారం గోళ్ళలో ఉంటుంది. లెన్సు పెట్టుకునే పని వంటకు ముందే చేసుకోవాలి. కాటుక, పౌడరు లెన్సు పెట్టుకున్న తర్వాత. రాత్రి ముందు లెన్సు తీసి, తర్వాత కాటుక కడుక్కోవాలి. ఉమ్మి తడి చేసి పెట్టుకోవడం మరీ తప్పు. లెన్సులతో నిద్రపోతే కంటి జబ్బు వచ్చే ప్రమాదం 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని లెక్క. మధ్యాహ్నం కునుకు కూడా నిద్రే! పెళ్ళిళ్ళకని ఫాన్సీ దుకాణాల్లో కొనే రంగు లెన్సులకూ ఇవే నియమాలు. అక్క పెట్టుకున్నది చెల్లెలు పెట్టుకోవడం అసలే వద్దు.

ఎప్పుడో పండగకో పబ్బానికో పెట్టుకునేవాళ్ళకు ఒక్కరోజు వాడి పారేసే లెన్సులు దొరుకుతాయి. వాటికి సొల్యూషన్ ఖర్చు లేదు, నానబెట్టే పని లేదు. రాత్రి తీసి పారేయడమే. దాచి మర్నాడు పెట్టుకోకూడదు.

సరే, మా అమ్మాయి మాదిరి సొల్యూషన్ మర్చిపోతే ఏం చేయాలి? లెన్సు తీసి పారేయాలి, కళ్ళజోడు పెట్టుకోవాలి. అంతే, మూడో దారి లేదు. లెన్సు ఖరీదు వందల్లోనో వేలల్లోనో ఉంటుంది. కన్ను ఖరీదు ఎవరు కట్టగలరు? అందుకని లెన్సులు వాడేవాళ్ళ సంచీలో కళ్ళజోడు ఒకటి ఉండి తీరాలి. ఊరికి బయలుదేరేటప్పుడు, "టికెట్టు పెట్టుకున్నావా?" అని అడిగినట్టే "సీసా పెట్టుకున్నావా, కళ్ళజోడు పెట్టుకున్నావా?" అని అడగండి.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, నీళ్ళు కారినా, మసకబారినా వెంటనే లెన్సు తీసేయాలి. తీసిన తర్వాత కూడా తగ్గకపోతే అదేరోజు కంటి డాక్టరు దగ్గరకు పోవాలి. ఆముదం, చనుబాలు, పక్కింటివాళ్ళు వాడగా మిగిలిన చుక్కలు, ఇవేవీ వద్దు. మందుల షాపు చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల పుండు పెరుగుతుంది. పోయేటప్పుడు ఆ లెన్సు, డబ్బీ, సీసా కూడా తీసుకుపోండి. క్రిమి ఏదో కనిపెట్టడానికి అవి ఉపయోగపడతాయి. ఒక్క మాట: కంట్లో కారమో, సున్నమో, ఇంకేదైనా ఘాటైనదో పడితే మాత్రం నీళ్ళకు భయపడవద్దు. వెంటనే ధారాళంగా నీళ్ళతో కంటిని కడగండి, లెన్సు తీసేయండి, డాక్టరు దగ్గరకు పరిగెత్తండి. ఆ లెన్సు మళ్ళీ పెట్టుకోవద్దు.

మా అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ అమ్మాయికి జబ్బని తెలిసినప్పటినుంచీ ఆమె తిండి సరిగ్గా తినలేదు. "నా చేత్తో నేనే ఇచ్చినా గదమ్మా" అని ఒకటే ఏడుపు. అమ్మాయే వచ్చి, "జేజీ, నీకు తెలియక ఇచ్చినావు. నాకు డాక్టరు చెప్పినా నేను వినలేదు. తప్పు నాది" అని ఓదార్చింది. నాకైతే ఆ తప్పులో నా పాలు కూడా ఉందనే అనిపిస్తుంది. చదువుకున్నదాన్ని, తెలియనప్పుడు తెలియదని అనవలసింది. నిజమేనని తల ఊపాను.

ఇప్పుడు మైలవరంలో మా ఇంట్లో అద్దం పక్కన గూట్లో సీలు విప్పని సొల్యూషన్ సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. గడువు తేదీ చూసి మార్పించేది మా అమ్మే. చదవడం రాదు గనుక, పక్కింటి పిల్లవాణ్ణి పిలిచి చదివించుకుంటుంది.

మీ ఇంట్లో లెన్సులు వాడేవాళ్ళుంటే ఈ రాత్రే ఆ సీసా ఒకసారి చేతికి తీసుకుని చూడండి. వస్తాను, సెలవు.